చేపు నేర్చిన యంత్రము

తెలుగున చంటిబిడ్డ యను మాట కలదు. చన్ను శబ్దమునుండి పుట్టినది గావున, రొమ్ము కుడుచు బిడ్డ యనియే దాని యర్థము. రెండేండ్ల క్రిందట మా యింట పుట్టిన యొక యాడుపిల్ల ఈ మాటకు లొంగలేదు. నెలలు నిండక, 32వ వారమున, 1,450 గ్రాముల బరువుతో పుట్టిన యా పిల్ల తల్లిపాలు దక్క వేరొక చుక్క యెరుగకయే ఆరు నెలలు పెరిగినది. ఆ ఆరు నెలలలో నొక్కనాడైనను తల్లి రొమ్ము నోటబట్టి కుడువలేదు. తల్లి, అనగా మా అక్క కూతురు, మూడు గంటల కొకసారి యంత్రముతో పాలు పిండి సీసాలకు పట్టినది; ఆ పాలు మొదట ముక్కునుండి కడుపులోనికి దింపిన సన్నని గొట్టముద్వారా, పిమ్మట ఉగ్గుగిన్నెతో, ఆ తరువాత సీసాతో బిడ్డ కందినవి. చూడవచ్చిన చుట్టాలలో నొకామె, "అయితే పిల్లకు తల్లిపాల యోగం లేదన్నమాట" అని నిట్టూర్చినది. ఆ మాట విన్న బాలింత తల వంచుకొనుట నేను చూచితిని. పాలు పిండుటకును, పిండిన పాలు బిడ్డకు పట్టుటకును గల చరిత్ర యెంత పాతదో, ఎంత గౌరవింపదగినదో ఆ నిట్టూర్చిన యిల్లాలికి తెలిసియున్నచో అట్లనియుండెడిది కాదని నా నమ్మకము. ఆ చరిత్ర చెప్పుటకే యీ వ్యాసము.

చరిత్రకు ముందు ఒక మాటను గూర్చి చెప్పవలసియున్నది. మా అమ్మకు ఎనుబది రెండేండ్లు. కృష్ణాజిల్లా పల్లెలో రెండు గేదెలను తన చేతులతో పితికి, ఆ పాడితోనే నలుగురు బిడ్డలను పెంచిన మనిషి. మనుమరాలు ఆసుపత్రినుండి ఇంటికి వచ్చినను బిడ్డ యింకను అక్కడి గాజుపెట్టెలోనే యున్న దినములవి. ఒకనాటి రాత్రి ఆమె యంత్రము పెట్టుకొని, సీసావంక రెప్పవేయక చూచుచు, పది నిమిషములు గడిచినను సీసా యడుగైన తడియకుండుట గమనించి కన్నీరు పెట్టుకొనగా, అమ్మ మంచము ప్రక్కకు జరిగి, "దాన్నట్లా చూడకే తల్లీ. చేపు రానీ. చేపు రాకుండా గేదైనా ఇస్తుందా పాలు?" అనెను. సెల్‌ఫోనులో ఆనాటి ఉదయము తీసిన బిడ్డ బొమ్మను వెదకించి మనుమరాలి చేతికిచ్చి, సీసాపై తుండుగుడ్డ కప్పి, ఏమియు మాటాడక వీపు నిమురుచు కూర్చుండెను. కొంతసేపటికి గుడ్డ తీసి చూడగా సీసాలో ముప్పది మిల్లీలీటర్ల గీతవరకు పాలున్నవి.

చేపు అను మాట పాడి తెలిసిన ప్రతి తెలుగింటను ఉన్నది. దూడను విడిచినంతనే అది తల్లిపొదుగును ముట్టెతో కుమ్మి నాలుగు గుక్కలు కుడుచును. అంతవరకు మెత్తగా వ్రేలాడుచున్న పొదుగు నిండి బిగిసి చన్నులు సాగును. అప్పుడు దూడను లాగి తల్లిముందు కట్టివేసి, తల్లి దానిని నాకుచుండగా పాలు పితుకుదురు. పాలు పొదుగులో నుండుట వేరు, అవి దిగివచ్చుట వేరు. ఆ దిగివచ్చుటయే చేపు. దూడ చచ్చిన గేదె చేపదు. అందుకే దూడతోలులో గడ్డి కూరి తల్లి యెదుట నిలుపుట మన పల్లెల యలవాటు. కొత్త చేయి పడినను, కుక్క మొరిగినను, కొట్టములో కేకలు లేచినను చేపు ఎగిరిపోవును. వైద్యశాస్త్రము ఈ ముక్క తెలిసికొనుటకు ఇరువదవ శతాబ్దము నడుమవరకు పట్టినది. పాలు పిండు యంత్రములు చేసినవారు దీనిని తమ యంత్రములకు నేర్పుటకు మరియొక యేబదియేండ్లు పట్టినది. ఆ యంత్రముల చరిత్ర యంతయు, నా దృష్టిలో, మా అమ్మ యా రాత్రి చెప్పిన మాటను నేర్చుకొనుటయే.

చనుబాలను చేతితో పిండి వెలికి తీయుట మన ప్రాచీనుల కెరుకలేని పని కాదు. సుశ్రుతుడు శారీరస్థానము పదవ యధ్యాయమున ధాత్రిని, అనగా పాలిచ్చు దాదిని గూర్చి చెప్పుచు, బిడ్డకు చన్నిచ్చుటకు ముందు రొమ్మును కడిగి కొంచెము పాలు పిండివేయవలెననియు, పాలు నిండి గట్టిపడిన రొమ్మును అట్లే కుడిపినచో ధార యుద్ధృతికి శిశువునకు దగ్గు, ఎగశ్వాస, వాంతి కలుగుననియు హెచ్చరించెను. పాల మంచిచెడ్డలను పరీక్షించుటకు వానిని నీటిలో వేసి చూడుమనియు చెప్పెను: చల్లగా, నిర్మలముగా, పలుచగా, శంఖమువలె తెల్లగా నుండి నీటిలో నేకమైపోవు పాలే శుద్ధమైనవి. ఇంచుమించు క్రీస్తుశకము రెండవ శతాబ్దమున, ఎఫెసస్ నగరమున పుట్టి రోములో వైద్యము చేసిన సొరానస్, దాది పాలను చేతిగోటిపై నొక చుక్క వేసి, అది నీళ్ళవలె జారిపోవునో, జిగురై కదలక నిలుచునో, లేక రెంటి నడుమ నుండునో పరీక్షింపవలెననెను. ఇద్దరి పరీక్షలును నేటి రసాయనశాస్త్రమునకు నిలువవు. కాని రెండును పాలు చేతిలోనికి పిండినగాని జరుగునవి కావు. రొమ్మునుండి వేరుపడిన పాలు వారికి వింతగా తోచలేదు.

మన యిండ్లలో మాత్రము వింతయా? వసకొమ్మును సానరాతిపై తల్లిపాలతో అరగదీసి బిడ్డ నాలుకకు రాయుట, కన్ను ఎరుపెక్కిన పిల్లవాని కంటిలో ఇంటనున్న బాలింత రెండు చుక్కలు పిండుట మన పెద్దలకు నిత్యకృత్యములు. వీనిలో మంచివెన్ని, కూడనివెన్ని యను విచారము వైద్యులది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి పాలు ఎండుటకు రొమ్ములపై మల్లెపూలు కట్టుట దక్షిణదేశమున నెంత వ్యాపించిన యాచారమనగా, వెల్లూరు వైద్యులు దానిని 1980ల యందు ఆసుపత్రిలో పరిశీలించి, పూలకు నిజముగనే పాలు తగ్గించు గుణము కలదని ప్రకటించిరి. చంటిపిల్లను ముసలమ్మ కప్పగించి నాట్లకు పోయిన తల్లి, మిట్టమధ్యాహ్నము పాలు కట్టుకొని రొమ్ములు సలపగా, గట్టుచాటున కూర్చుండి మట్టిలోనికి పిండివేసి, పైట తడుపుకొని మరల వరుసలోనికి దిగుట మా యూర నేను కన్నులార చూచితిని. ఆ పాలు పట్టి దాచుటకు ఆమెకొక గిన్నె లేదు, నీడ లేదు, ఇంటికి పోయివచ్చు వ్యవధి లేదు.

పిండి పారబోసిన పాలలో నెల్ల విలువైనవి ముర్రుపాలు. మొదటి రెండు మూడు దినములు వచ్చు ఆ చిక్కని పసుపుపచ్చని పాలు బిడ్డకు పడవను భయముతో, వానిని గోడకు పిండివేసి, బిడ్డకు ఆముదమో, తేనెయో, పంచదారనీళ్ళో నాకించిన యిండ్లు మన దేశమున లెక్కకు మిక్కిలి. రోగమును ఎదుర్కొను శక్తి యంతయు మూటగట్టినట్లుండు ఆ పాలు, రోగమే ప్రబల శత్రువైన కాలమున, ప్రేమతోనే నేలపాలయ్యెను. ఇది తలచుకొనినప్పుడెల్ల నాకు గుండె బరువెక్కును.

అదే యింట, అదే పురిటిగదిలో నున్న మరియొక వస్తువు మాత్రము ఆధునిక వైద్యులు చేతులు జోడించి తీసికొన్నది: ఉగ్గుగిన్నె. అరచేత నిముడునంతటి చిన్నగిన్నె; ఇత్తడిదో, కంచుదో, కలిగినవారింట వెండిదో; ఒక వైపు పెదవి సాగి సన్నని కాలువవలె ముక్కు దేలియుండును. బిడ్డను కాళ్ళపై తలయెత్తుగా పరుండబెట్టి, ముక్కును పెదవిమూలకు ఆనించి, గిన్నెను లేశమాత్రము వంచినచో పాలు నోటిలోనికి జారును. బిడ్డ మ్రింగినవరకు చేయి ఆగవలెను, మ్రింగినపిదప మరల వంచవలెను. తమిళులు దీనినే పాలాడై యందురు. ఏదేని పని చిన్ననాటనే అబ్బినదనుటకు 'ఉగ్గుపాలతో అబ్బినది' యని మనమనుచుందుము. ఆ పలుకుబడి వెనుక నున్నది ఈ గిన్నెయే. నెలలు నిండని బిడ్డకు చన్ను పట్టి పీల్చి, మ్రింగి, ఊపిరి తీయు మూడు పనులను ఒక లయలో కూర్చుకొను నేర్పు సాధారణముగా 34వ వారమునకుగాని రాదు. సీసా తిత్తులు శుభ్రపరచుట కష్టము, వానివలన అతిసారభయము మెండు. కావుననే మన దేశమునందలి నవజాత శిశు విభాగములలో నేడు, పిండిన తల్లిపాలు పట్టుటకు స్టీలుతో చేసిన ఉగ్గుగిన్నెలనే వాడుదురు. మా పిల్లకును గొట్టము తీసిన దినమున పాలు పట్టినది దానితోనే. అప్పుడు నర్సు చేతి కదలికను గాజుగోడ కావలినుండి చూచిన మా అమ్మ, "ఇదేనా! నలుగురికి పట్టాను" అని, మరునాడు తన పెట్టె యడుగునుండి నల్లబడిన వెండి ఉగ్గుగిన్నె తీసి చింతపండుతో తోమినది.

ఐరోపాఖండమున రొమ్ము సలుపునకు ఉపాయముగా గాజు బుడ్డీలు వాడుకలోనికి వచ్చినవి. వెడల్పైన మూతిని రొమ్మున కానించి, పొడుగుగా వంగిన గొట్టపు కొనను స్త్రీ తన నోటనే పెట్టుకొని పీల్చుకొనునట్టివి. అవియు లేనిచోట కుక్కపిల్లలకు చన్నిచ్చి పాలు లాగించెడివారు. 1797లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ కుమార్తెను ప్రసవించి సూతికాజ్వరమున మంచము పట్టగా, బిడ్డను ఆమెనుండి దూరము చేసి, పాలు తీయించుటకు కుక్కపిల్లలను తెప్పించిన సంగతిని భర్త విలియం గాడ్విన్ స్వయముగా వ్రాసియుంచెను. స్త్రీల హక్కులకై గ్రంథము రచించిన యా విదుషి కడపటి దినములలో, వేదనకు వైద్యము చూపగలిగిన దింతియే. 1854లో న్యూయార్కువాసియగు ఆర్వెల్ నీధామ్ రొమ్ముపాల పంపునకు అమెరికాలో పేటెంటు పొందెను. అటుపిమ్మటి యంత్రములలో పెక్కు పశువుల పాలు పితుకు యంత్రముల దాయాదులు. వాని దోషమెల్ల నొక్కటియే: లాగుట యెరుగును, ఆగుట యెరుగవు. ఎడతెగని పీల్పునకు చర్మము కందెడిది, చీలెడిది, నెత్తురు వచ్చెడిది. పాలు మాత్రము వచ్చినవి కొంచెమే.

పాలు పిండుట రొమ్ముబాధకు ఉపశమనమనియేగాక బిడ్డ ప్రాణమునకు ఆధారమనియు వైద్యులు తలంచుట, నెలలు నిండని శిశువులు బ్రదుకవచ్చునను ఆశ కలిగిన పిమ్మటనే మొదలయ్యెను. 1880ల యందు పారిసు ప్రసూతి వైద్యశాలలో స్టెఫాన్ టార్నియే, కోడిగ్రుడ్లను పొదిగించు పెట్టెను చూచి, పసిబిడ్డలకు వెచ్చని పెట్టె చేయించెను; కుడువలేని బిడ్డ కడుపులోనికి గొట్టముతో పాలు దింపు పద్ధతియు ఆయన ప్రచారము చేసినదే. వెచ్చదనము దొరకినది, గొట్టము దొరకినది. ఇక గొట్టములోనికి పాలు కావలెను. మానవ క్షీరమును సేకరించి పంచు తొలి సంస్థ 1909లో వియన్నాలో వెలసెను. మరుసటియేట బోస్టన్‌లో నొకటి. 1919లో జర్మనీదేశపు మాగ్డెబర్గ్ నగరమున మరీ ఎలీస్ కైజర్ అను శిశువైద్యురాలు, తన బిడ్డ కుడువగా తనకు పాలు మిగులుటయు, ఆసుపత్రిలోని శిశువులు పాలులేక క్షీణించుటయు ఒక్కమారే చూచి, మిగులు పాలు పోగుచేయు కేంద్రమును నెలకొల్పెను. ఒక యొడిలో మిగిలినదానిని, మరియొక యొడిలో కొరవడినదానిని ఒకే కంటితో చూడగలుగుట తల్లియైన వైద్యురాలికే సాధ్యమయ్యెనేమో. 1934 మే 28వ తేదీన కెనడాదేశపు ఒంటారియో రాష్ట్రమున, విద్యుద్దీపములేని యొక పల్లెయింట, డియోన్ దంపతులకు ఒకే కాన్పున ఐదుగురు ఆడుపిల్లలు పుట్టినప్పుడు, ఐదుగురి బరువును కలిపి ఆరు కిలోలే. వారికై షికాగో, టొరంటో నగరముల తల్లులు పిండి యిచ్చిన పాలు రైళ్ళలో వందలమైళ్ళు పయనించెను. ఐదుగురును బ్రదికిరి.

యంత్రము చరిత్రలో నొక చదరంగపు ఆటగాని పేరు వచ్చుట చాలమందికి తెలియదు. ఎడ్వర్డ్ లాస్కర్ జర్మనీనుండి అమెరికాకు వలసవచ్చిన ఇంజనీరు, ప్రపంచప్రసిద్ధి గల చదరంగ విద్వాంసుడు. షికాగోలో శిశువైద్యుడగు ఐజాక్ ఆబ్ట్, నెలలు నిండని బిడ్డలకై విద్యుత్తుతో నడచు పంపు కావలెనని కోరగా, లాస్కర్ దానిని రూపొందించి 1923లో దరఖాస్తు పెట్టి, 1927లో పేటెంటు పొందెను. ఎడతెగక లాగుట మాని, పట్టి విడుచుచు, పట్టి విడుచుచు శిశువు పీల్పును అనుకరించుట దాని విశేషము. అది ఇంటికి తెచ్చుకొనదగిన పరికరము కాదు. భారమైనది, ఖరీదైనది, ఆసుపత్రులకే పరిమితమైనది. ఐనను ఎందరో శిశువుల ప్రాణము నిలిపినది. లాస్కర్‌కు కలిమిని గూడ నిచ్చినది.

ఇంతవరకు యంత్రము పట్టి విడుచుట నేర్చినది. చేపు మాత్రము నేర్వలేదు. దానిని శాస్త్రమున కందించినది మరల పశువులకొట్టమే. 1941లో అమెరికాయందు ఈలీ, పీటర్సన్ అను ఇద్దరు పాడిశాస్త్రజ్ఞులు ఆవు పొదుగులో సగభాగమునకు నరములు తెంపి చూచిరి. ఆవును చేపించినప్పుడు నరము లేని సగమును చేపినది. కావున చేపును మోసికొని వచ్చునది నరముకాదు, రక్తములో ప్రవహించు నేదో ద్రవ్యమని తేలినది. అదియే నేడు మనము ఆక్సిటోసిన్ అనునది. పాలు పితుకు వేళ వారు ఆవు వీపుపై పిల్లిని నిలిపి, కాగితపు సంచులు పగులగొట్టి జడిపించగా చేపు నిలిచిపోయెను. 1948లో మైకేల్ న్యూటన్, నైల్స్ న్యూటన్ అను దంపతులు ఇదే పరీక్షను మనుష్యులయందు జరిపిరి. చన్నిచ్చుచున్న తల్లి కాళ్ళు మంచునీటిలో పెట్టించి, వెంటవెంట లెక్కలడిగి మనసు చెదరగొట్టగా, బిడ్డకు చేరిన పాలు తగ్గిపోయినవి. అట్టి కలతలోనే ఆ ద్రవ్యమును సూదిమందుగా నిచ్చినప్పుడు మరల వచ్చినవి. రొమ్ములో పాలు లేకపోలేదు, దిగిరాలేదు. "నీకు పాలు లేవు" అని చెప్పబడిన తల్లులలో నెందరికి పాలుండియు, భయముచేత, సిగ్గుచేత, దెప్పుమాటలచేత చేపు రాకపోయినదో యని నేను పలుమారు తలపోయుదును. మా పిల్ల పుట్టిన నాల్గవదినమున వైద్యశాలలోని యొక యుద్యోగిని సీసాలోని ఐదు మిల్లీలీటర్లను చూచి, "ఇవేం సరిపోతాయమ్మా, డబ్బాపాలు రాయించుకోండి" అని తొందరపడినది. ఆ ఐదు మిల్లీలీటర్లు పనికిరానివి కావు. నిముసమునకు మునుపు ఆ పిల్ల యొడలికి మూడు గొట్టములున్నవని విన్న తల్లికి అవి పర్వతమంత.

స్వీడన్‌దేశపు ఇంజనీరు ఐనార్ ఎగ్నెల్, మాయా కిండ్‌బెర్గ్ అను నర్సు తోడ్పాటుతో, రొమ్ము ఎంత పీల్పును సహింపగలదో, పాలు ఏ తీరున వచ్చునో చిరకాలము పరిశీలించి 1956లో తన ఫలితములను ప్రకటించెను. పీల్పు 200 మిల్లీమీటర్ల పాదరసమునకు మించినచో చర్మమునకు హాని యనియు, లాగిన ప్రతిమారు విడిచి విశ్రాంతి నీయవలెననియు ఆయన సిద్ధాంతము. ఆ పంపునకు 'సిస్టర్ మాయా పంపు' అని పేరు పెట్టిరి. తల్లుల పడకలకడ కూర్చుండి, ఏది నొప్పించుచున్నదో, ఏది లేదో చూచి చెప్పిన యొక నర్సు పేరు యంత్రమునకు నిలుచుట నాకెంతయు సంతోషము కలిగించును. 1961లో స్విట్జర్లండునందు మెడెలా సంస్థను నెలకొల్పిన ఓలే లార్సన్, ఎగ్నెల్ త్రోవలోనే నడచెను. 1991లో ఆ సంస్థ ఇంటిలో వాడుకొనదగిన విద్యుత్ పంపును అమెరికాలో అమ్మకమునకు పెట్టెను. ఇక మిగిలినది చేపు. ఆస్ట్రేలియాదేశమున పీటర్ హార్ట్‌మన్, మొదట ఆవుల పాలను గూర్చి పరిశోధించి పిమ్మట తల్లుల పాలవైపు మరలిన శాస్త్రజ్ఞుడు, తన సహచరులతో శిశువు కుడుచు తీరును కొలిచెను. బిడ్డ చన్ను పట్టినతోడనే పాలకొరకు లాగదు. మొదట నిముసమునకు నూటయిరువది మారులవరకు పలుచగా, వడిగా చప్పరించును. పాలు దిగినపిమ్మట నెమ్మదించి, నిముసమునకు అరువది మారులు లోతుగా పీల్చును. ఈ రెండు లయలును గల పంపు 2001లో వెలువడినది. దూడ ముట్టెతో కుమ్మి, నాలుగు గుక్కలు కుడిచి, చేపు వచ్చిన పిమ్మట నిదానించుట చూచిన యే పాలేరునకైనను ఇది క్రొత్త కాదు. ఐనను యంత్రమొకటి అంత వినయముగా దూడను గురువుగా చేసికొనుట నా కంటికి గొప్ప విషయమే.

ఇంటికి వచ్చిన యంత్రము అమెరికాయందే మొదట విరివిగా వ్యాపించుటకు కారణమున్నది. ఆ దేశమున ప్రసవించిన తల్లికి జాతీయశాసనము జీతముతోడి సెలవు నీయదు. 1993 నాటి చట్టము పండ్రెండు వారములు సెలవిచ్చును, జీతము నీయదు. ఆరు వారముల పసిగుడ్డును విడిచి పనికి పోవు తల్లికి పంపు సౌకర్యము కాదు, గత్యంతరము. 2010లో పాలు పిండుకొనుటకు విరామమును, స్నానపుగది కాని మరుగైన చోటును చూపవలెనని శాసించిరి. అది వర్తింపని లక్షలమంది ఉద్యోగినులకు 2022 డిసెంబరులో మరియొక చట్టముచేత విస్తరించిరి. న్యూజెర్సీలోను, టెక్సాసులోను మన తెలుగు ఆడుపిల్లలనేకులు కార్లలో కూర్చుండి, శాలువ కప్పుకొని పాలు పిండి మంచుసంచిలో నింటికి తెచ్చుకొన్నవారే. అచ్చట రొమ్ము పట్టని బిడ్డకు పూర్తిగా పిండిన పాలే పట్టు తల్లుల తెగయొకటి ఏర్పడినది. వారు గడియారమును ముందుంచుకొని, నెలలు, సంవత్సరములు ఈ వ్రతమును సాగింతురు. మన దేశమున ప్రసూతి సెలవు చట్టమునకు 2017లో చేసిన సవరణ తొలి రెండు కాన్పులకు 26 వారముల జీతపు సెలవిచ్చినది; యాబదిమంది పనిచేయుచోట శిశుగృహము నడుపుమన్నది. మేలే. నాట్లు వేయు తల్లికి మాత్రము ఆ గట్టుచాటే మిగిలినది.

వ్రతమన్నది ఊరక అనలేదు. రొమ్ము ఖాళీయగుకొలదినే పాలు ఊరును. నిండి నిలిచినచో ఇక చాలునని దేహము తలచును. అందుచేత బిడ్డ కుడువని తల్లి దినమునకు ఎనిమిది మారులకు తక్కువకాకుండ, ప్రతిమారు పదునైదు ఇరువది నిముసములు పిండవలెను. పాలను ఊరించు ప్రొలాక్టిన్ అను ద్రవ్యము రాత్రివేళ మెండుగా నుండును గనుక రాత్రి పిండుట మానరాదు. మా అక్క కూతురి నోటుపుస్తకము నా యొద్దనున్నది. ఎడమవరుస వేళ, కుడివరుస మిల్లీలీటర్లు. మొదటి పుటలో నంకెలు లేవు. 'చుక్కలు' అని వ్రాసియున్నది. ఆ చుక్కలు యంత్రమునకు దొరకినవి కావు. బొటనవ్రేలిని నల్లని వలయమునకు పైన, చూపుడువ్రేలిని క్రింద ఉంచి, ఎదవైపునకు నొక్కి, దగ్గరగా ఒత్తి, విడుచుట నేర్పిన నర్సు, పుట్టిన ఆరవగంటలో చెంచాలోనికి పిండించి సిరంజిలోనికి తీసికొనిపోయినవి. యంత్రమెంత నేర్చినను చిక్కని ముర్రుపాలకు చేయియే మేలు. రెండవవారమున 'తెల్లవారుజాము మూడు—అరువది' అని యున్నది. ఆ ప్రక్కన, అలసిన చేతివ్రాతలో, 'కడిగాను' అని. గరాటులు, కవాటములు, సీసాలు ప్రతిమారును కడిగి, మరిగించి, ఆరబెట్టినగాని నిద్ర లేదు. గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు దినములు, గడ్డకట్టించినచో ఆరు నెలలు పాలు నిలుచునన్న లెక్క తలుపుపై నంటించియుండెడిది. తండ్రి ప్రతి యుదయము మంచుసంచి భుజమున వ్రేలాడదీసికొని ఆసుపత్రికి మోటారుసైకిలుపై పోయెడివాడు.

తల్లులకడ మిగిలిన పాలకును దారి దొరకినది. 1989లో బొంబాయి సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ మన దేశమున, ఆసియాలోనే, తొలి తల్లిపాల నిధిని స్థాపించెను. దాత పాలను 62.5 డిగ్రీల వేడిలో అరగంట యుంచి, చల్లార్చి, పరీక్షించి, తల్లి కోలుకొనని బిడ్డలకు పట్టుదురు. హైదరాబాదున నిలోఫర్ ఆసుపత్రిలో 2017లో అట్టి నిధి వెలసినది. ఆ యాసుపత్రి పుట్టుకయే ఒక బాలింత మరణమునుండి: ఏడవ నిజాము కోడలు, ఉస్మానియా తురుష్క రాజవంశపు ఆడుపడుచు నిలోఫర్, తన పరిచారిక 1949లో కాన్పులో చనిపోగా, అట్టి గతి మరియొకతెకు పట్టరాదని పూనుకొనగా 1953లో అది వెలసినది. ఆమెకు సంతానము లేదు. ఆ యాసుపత్రిలోని పాలనిధికి పెట్టిన పేరు ధాత్రి. సుశ్రుతుడు వాడిన మాటయే. నాడు ఒక్క స్త్రీకి, నేడు పేర్లు తెలియని పలువురు తల్లులకు.

మా బిడ్డ రెండున్నర కిలోలకు వచ్చినపిదప రొమ్మున పట్టించు యత్నములు పెక్కు చేసిరి. అది మొగము త్రిప్పుకొని యేడ్చెడిది. తల్లియు ఏడ్చి, ఒకనాడు యత్నము మానినది. ఆ పిమ్మటి మాట. సంక్రాంతి దినములలో నేను అక్కయింట నుంటిని. సాయంకాలము ఆరగుచున్నది. బిడ్డ అమ్మ కాళ్ళపై పరుండి ఉగ్గుగిన్నెను రెండుచేతుల పట్టుకొనుటకు తంటాలు పడుచున్నది. తల్లి యంత్రమును బల్లపై నుంచి, గరాటులు ఇంకను అమర్చకయే, నడచుచున్నదో లేదో చూచుటకై మీట నొక్కినది. టక్కుటక్కుమని ఆ పలుచని వడిలయ మొదలైనది. ఆమె ఉలికిపడి పైట పట్టుకొని చూచుకొన్నది. జాకెట్టు రెండువైపుల తడిసినది.

"అమ్మమ్మా, ఇదేంటి, ఇంకా పెట్టుకోనే లేదు!"

అమ్మ తల యెత్తి ఆ తడిని చూచినది, బల్లమీది యంత్రమును చూచినది.

"చేపు వచ్చిందే. దూడ గొంతు గుర్తుపట్టావు," అని, "ముందు సీసా అందుకో, నేల పాలవుతున్నాయి" అనెను.